తొక్కుడుబిళ్ల ఆడిన చేతికి ఇదో లెక్కా!

అమ్మాయి పురిటికనో, మనవల్ని చూడ్డానికనో అమెరికా వెళ్తున్నారా? ఇంటి దగ్గర పార్కులో, చెట్ల నీడలో, పైసా ఖర్చు లేకుండా ఆడుకునే డిస్క్ గోల్ఫ్ గురించి తెలుసుకుని వెళ్లండి.

చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? పెంకుముక్కని అరుగు మీద అరగదీసి, గుండ్రంగా చేసుకుని, గీత మీద పడకుండా సరిగ్గా అనుకున్న గడిలోనే పడేలా విసిరిన చెయ్యి మనది. ఏడుపెంకులాటలో బంతితో గురిచూసి కొట్టిన చెయ్యి కూడా మనదే. పన్నెండో పదమూడో ఏడు వచ్చేసరికి, "ఇంక చాల్లే, ఆడపిల్లవి, వీధిలో ఆ గెంతులేమిటి?" అని ఇంట్లో ఎవరో ఒకరు అన్నారు. అంతే! ఆట అక్కడితో సరి. అన్నదమ్ములు మాత్రం నలభయ్యో ఏట కూడా ఆదివారం వస్తే బ్యాటు పట్టుకుని బయల్దేరతారు. వాళ్లు తిరిగొచ్చేసరికి మనం ఉప్మాలోకి పోపు వేస్తూ ఉంటాం!

ఆగిపోయిన ఆ ఆటని యాభయ్యో ఏట మళ్లీ మొదలుపెట్టొచ్చంటే నమ్ముతారా? అదీ పరుగులు తియ్యకుండా, ఎవరినీ తోసుకోకుండా, పెద్దగా బలం అక్కర్లేకుండా!

అమెరికాలో పిల్లలున్న తల్లులకి మన ఊళ్లల్లో కొదవలేదు కదా. పురుడు పొయ్యడానికని వెళ్తారు, నాలుగైదు నెలలు ఉండి వస్తారు. మొదటి నెలంతా పసిబిడ్డ నీళ్లు, పథ్యం వంట, బారసాల... ఊపిరి సలపదు. ఆ తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. కూతురు, అల్లుడు పనిలో పడిపోతారు. మనకి కారు నడపడం రాదు. పక్కింట్లో ఎవరుంటారో తెలీదు. ఇక్కడైతే పొద్దున్నే పాలపాకెట్టుకి, సాయంత్రం గుడికి, మధ్యలో కూరగాయలకి అని రోజుకి నాలుగుసార్లు వీధిలోకి వెళ్లే మనిషి అక్కడ గడప దాటదు. దాంతో సుగరు పెరుగుతుంది, మోకాళ్లు బిగుసుకుపోతాయి, ఎందుకో తెలియని దిగులు పట్టుకుంటుంది. "ఏం తోచట్లేదే, టిక్కెట్టు ముందుకి మార్పించెయ్యి" అని కూతుర్ని అడిగే తల్లులు ఎంతమందో!

అటువంటి తల్లుల కోసమే ఈ ఆట గురించి ఇంత వివరంగా రాస్తున్నాం.

ఇంతకీ ఏమిటీ ఆట?

పిల్లలు గాల్లోకి విసురుకునే ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది చూడండి, ఫ్రిస్బీ అంటారు, దాదాపు అలాంటిదాంతోనే ఈ ఆట. టిఫిను ప్లేటంత వెడల్పు, మూడు నాలుగు నిమ్మకాయలంత బరువు ఉంటుంది. దీన్ని 'డిస్క్' అంటారు. పార్కులో చెట్ల మధ్య అక్కడక్కడా ఇనప స్తంభాలు పాతి ఉంటాయి. ఒక్కో స్తంభానికి నడుము ఎత్తులో గుండ్రటి బుట్ట, ఆ బుట్ట మీద వేలాడే గొలుసులు. దూరంగా గుర్తు పెట్టిన చోట నిలబడి డిస్క్ విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడికి నడిచివెళ్లి, అక్కణ్ణించి మళ్లీ విసరాలి. చివరికి గొలుసులకి తగిలి, ఝల్లుమని బుట్టలో పడితే ఒక గుమ్మం దాటినట్టు. ఎన్ని విసుర్లలో వేశామో రాసుకుని రెండో బుట్ట దగ్గరికి వెళ్లాలి. మొత్తం తొమ్మిది బుట్టలు గానీ పద్ధెనిమిది బుట్టలు గానీ ఉంటాయి. అన్నీ అయ్యాక ఎవరి లెక్క తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. అంతే, ఇంతకి మించి బ్రహ్మవిద్యేం లేదు!

గోల్ఫ్ ఆట గురించి విన్నారు కదా, కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు. దానికి పెద్ద పెద్ద క్లబ్బులు, సభ్యత్వాలు, వేలకి వేలు ఖర్చు. ఆ ఆట సూత్రమే ఇక్కడా. కర్ర బదులు మన చెయ్యి, బంతి బదులు డిస్కు, గుంట బదులు బుట్ట. అమెరికాలో ఈ కోర్సులు ఎక్కువగా ప్రభుత్వ పార్కుల్లోనే ఉంటాయి. చాలాచోట్ల టిక్కెట్టు లేదు, పేరు రాయించుకునే పని లేదు. నడుచుకుంటూ వెళ్లి ఆడుకోవడమే!

కేకు పళ్లెంలోంచి పుట్టింది

ఈ ఆట పుట్టుక వింటే మనలాంటి వంటింటివాళ్లకి భలే సరదాగా ఉంటుంది. అమెరికాలో బ్రిడ్జిపోర్ట్ అనే ఊళ్లో ఫ్రిస్బీ అనే ఇంటిపేరుగల వాళ్ల బేకరీ ఒకటి ఉండేది. వాళ్లు 'పై' అనే తీపి వంటకాన్ని పల్చటి రేకు పళ్లేల్లో పెట్టి అమ్మేవాళ్లు. దగ్గర్లోని యేల్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు అవి తినేసి, ఖాళీ పళ్లేల్ని ఒకరి మీదికొకరు విసురుకుంటూ ఆడుకునేవాళ్లని చెబుతారు.

ఇది ఇలా ఉండగా, దేశానికి ఆ చివర కాలిఫోర్నియాలో 1937లో ఫ్రెడ్ మోరిసన్ అనే పదిహేడేళ్ల కుర్రాడు, లూసిల్ అనే అమ్మాయి పాప్‌కార్న్ డబ్బా మూతని విసురుకుంటూ ఆడారు. ఆ మూత సొట్టలు పడి పాడైపోతే కేకు చేసే పళ్లెం తీసుకున్నారు. అది ఇంకా బాగా ఎగిరింది! మరుసటేడు శాంటా మోనికా సముద్రపు ఒడ్డున ఆడుతుంటే, చూస్తున్న ఒకాయన ఆ పళ్లేన్ని 25 సెంట్లిచ్చి కొనుక్కుంటానన్నాడు. బజార్లో దాని ఖరీదు 5 సెంట్లే! అయిదుకి కొని ఇరవై అయిదుకి అమ్మితే ఇంకేం కావాలి? ఇద్దరూ కేకు పళ్లేల వ్యాపారం మొదలెట్టేశారు. 1939లో పెళ్లి కూడా చేసుకున్నారు.

యుద్ధం అయ్యాక మోరిసన్ ప్లాస్టిక్ డిస్కులు చేయించాడు. 1957లో ఆ హక్కుల్ని వామ్-ఓ అనే బొమ్మల కంపెనీకి ఇచ్చాడు. కాలేజీ కుర్రాళ్ల నోట్లో నలుగుతున్న పేరు చూసి ఆ కంపెనీ దానికి 'ఫ్రిస్బీ' అని పేరు పెట్టింది. మోరిసన్‌కి ఆ పేరు మొదట్లో నచ్చనే లేదట! ఆ బేకరీ మాత్రం 1958లో మూతపడింది. పళ్లెం పోయింది గానీ పేరు నిలిచిపోయింది చూశారా.

ఓక్ చెట్ల కింద మొదటి కోర్సు

అదే కంపెనీలో 1964లో చేరిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన, డిస్క్ గాల్లో తొణక్కుండా నిలకడగా ఎగరడానికి పైన సన్నటి ఉబ్బెత్తు వలయాలు పెట్టించి 1967లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటికే జనం పార్కుల్లో చెట్లనీ, దీపస్తంభాల్నీ, చెత్తడబ్బాల్నీ గురిగా పెట్టుకుని విసురుతుండేవాళ్లు. 1975లో ఈయన కాలిఫోర్నియాలోని పాసడీనా దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో మొట్టమొదటి శాశ్వతమైన డిస్క్ గోల్ఫ్ కోర్సు ఏర్పాటుచేశాడు. మొదట్లో అక్కడ ఉన్నవి ఉత్త స్తంభాలే. "తగిలింది", "లేదు తగల్లేదు" అని ఒకటే వాదులాట! ఆ తగువు తీర్చడానికే గొలుసులూ బుట్టా ఉన్న స్తంభాన్ని కనిపెట్టాడు. గొలుసులు డిస్క్ వేగాన్ని ఆపుతాయి, బుట్ట పట్టుకుంటుంది, చప్పుడు అందరికీ వినిపిస్తుంది. ఇంక తగువెక్కడ? దానికి 1977లో పేటెంటు వచ్చింది. ఆటగాళ్ల సంఘాన్ని కూడా 1976లో ఆయనే మొదలుపెట్టాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేశారు. మనం నదిలో కలుపుతాం, ఆయన గాల్లో ఎగరాలనుకున్నాడు. ఎవరి నమ్మకం వారిది!

ఆ పార్కుని ఇప్పుడు హహమోంగ్నా పార్కు అంటారు. శాన్ గేబ్రియల్ కొండల పాదాల దగ్గర, అంతరిక్ష నౌకల్ని తయారుచేసే జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ పక్కనే ఉంటుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఓక్ చెట్లు, వాటి కొమ్మల కింద నుంచి దారులు, దూరంగా కొండలు. పిల్లలు లాస్ ఏంజెలెస్ వైపు ఉంటే ఒక శనివారం అక్కడికి తీసుకెళ్లమనండి. 2025 జనవరిలో ఆ పక్కనున్న ఆల్టడీనా ఊరిని పెద్ద కార్చిచ్చు దహించింది. అందుకని బయల్దేరేముందు పార్కు తెరిచి ఉందో లేదో ఒకసారి కనుక్కోవడం మంచిది.

పాసడీనా దాకా వెళ్లలేమే అని దిగులుపడక్కర్లేదు. ఆ ఒక్క కోర్సుతో మొదలైంది, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పదివేలకి పైగా ఉన్నాయి. డల్లాస్ వెళ్లినా, అట్లాంటా వెళ్లినా, న్యూజెర్సీ వెళ్లినా దగ్గర్లో ఏదో ఒకటి తగులుతుంది. అల్లుణ్ణి ఫోన్లో వెతికి పెట్టమంటే రెండు నిమిషాల పని.

కొత్తవాళ్లకి ఎలాంటి కోర్సు బాగుంటుంది?

అన్ని కోర్సులూ ఒకేలా ఉండవు. కొన్ని కొండలెక్కి దిగేవి, చెరువుల మీద నుంచి విసరాల్సినవి ఉంటాయి. మొదటిసారే వాటికి వెళ్తే నీరసం వచ్చి, "మన వల్ల కాదమ్మా" అనిపిస్తుంది. అందుకని వెతికేటప్పుడు ఈ నాలుగు విషయాలు చూడమనండి.

ఒకటి, తొమ్మిది బుట్టల చిన్న కోర్సు అయితే మేలు. గంటలోపు అయిపోతుంది.

రెండు, ఒక్కో బుట్టకి దూరం 50 నుంచి 80 మీటర్లు మించకూడదు. అంటే మన వీధిలో నాలుగైదు ఇళ్ల దూరమన్నమాట.

మూడు, నేల చదునుగా ఉండాలి. చెట్లు ఉండాలి గానీ చెట్ల కింద తుప్పలు ఉండకూడదు. నీడకి నీడ, డిస్క్ పోతే వెతుక్కోవడానికి సులువు.

నాలుగు, పార్కులో మరుగుదొడ్డి, మంచినీళ్లు, కూర్చోడానికి బెంచీలు ఉండాలి. మగవాళ్లకి ఈ సంగతి గుర్తుండదు, మనమే అడగాలి!

మొదటి బుట్ట దగ్గర ఒక బోర్డు ఉంటుంది. అందులో దారి బొమ్మ, దూరం, 'పార్' అని ఒక అంకె కనిపిస్తాయి. బాగా ఆడేవాళ్లు ఎన్ని విసుర్లలో వెయ్యాలో ఆ అంకె చెబుతుంది. చాలావాటికి 3 ఉంటుంది. పార్ కంటే ఒకటి తక్కువైతే 'బర్డీ', ఒకటి ఎక్కువైతే 'బోగీ'. మనకి మొదట్లో అయిదారు పడతాయి, పడనివ్వండి! నిజానికి ఎక్కువ పడితేనే మంచిది. ఎలాగంటారా? ఒక్కో బుట్టకి అయిదు విసుర్లు అనుకోండి. చివరిది బుట్టలో పడుతుంది, మిగిలిన నాలుగూ నేలమీంచి వంగి తియ్యాలి. తొమ్మిది బుట్టలకి ముప్పై ఆరుసార్లు వంగి లేచినట్టు! వ్యాయామం చెయ్యండని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా చెయ్యనిది, ఆటలో పడి తెలియకుండానే చేసేస్తాం. అలాగే పద్ధెనిమిది బుట్టల కోర్సయితే, ఒక బుట్ట నుంచి ఇంకోదానికి నడిచే నడకతో కలిపి రెండు కిలోమీటర్లు సునాయాసంగా దాటుతుంది.

ఏమేం కొనాలి?

కావలసిందల్లా ఒక్క డిస్క్. షాపుకెళ్తే రకరకాల పేర్లు చెబుతారు. దూరం పోయేది 'డ్రైవర్', మధ్యరకం 'మిడ్‌రేంజ్', దగ్గర్నుంచి బుట్టలో వేసేది 'పట్టర్'. డ్రైవర్ అంచు సన్నగా, పదునుగా ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ చాలా వేగంగా విసిరితేనే అది మాట వింటుంది. కొత్తవాళ్ల చేతిలో గిరుక్కున ఎడమవైపుకి తిరిగి పడిపోతుంది. మందపాటి అంచున్న పట్టర్ గానీ మిడ్‌రేంజ్ గానీ ఒక్కటి కొనుక్కుంటే చాలు. బరువు 150 గ్రాముల చుట్టుపక్కల ఉంటే చెయ్యి నొప్పెట్టదు. ఒక్కోటి సుమారు పది నుంచి ఇరవై డాలర్లు ఉంటుంది. నచ్చిన రంగు తీసుకోండి గానీ ఆకుపచ్చ మాత్రం వద్దు సుమా, గడ్డిలో పడితే ఇంక దొరికినట్టే! గులాబీ, నారింజ, పసుపు రంగులైతే దూరం నుంచే కనిపిస్తాయి.

డిస్క్ వెనకాల పేరు, ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ అదో మంచి అలవాటు. పోగొట్టుకున్న డిస్క్ ఎవరికైనా దొరికితే ఫోన్ చేసి మరీ ఇస్తారు. మనకి దొరికినా అలాగే చెయ్యాలి.

విసరడం ఎలాగంటే...

బొంగరం ఎందుకు నిలబడుతుంది? గిర్రున తిరుగుతుంది కాబట్టి. తిరుగుడు ఆగితే పడిపోతుంది. డిస్క్ కూడా అంతే. ఎంత గట్టిగా విసిరామన్నది కాదు, ఎంత బాగా తిప్పామన్నదే ముఖ్యం. అందుకే కండలు తిరిగిన కుర్రాడు విసిరింది వెళ్లి చెట్టుకి కొట్టుకుంటే, నెమ్మదిగా విసిరిన బామ్మగారిది బుట్ట పక్కన వాలుతుంది!

కుడిచేతి వాటం వాళ్లయితే కుడిభుజం బుట్టవైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడండి. బొటనవేలు డిస్క్ పైన, మిగతా వేళ్లు కింద అంచు లోపల పెట్టి పట్టుకోండి. చేతిని అడ్డంగా ఛాతీ మీదుగా ఎడమవైపుకి తెచ్చి, అదే గీత మీద ముందుకి లాగండి. చివర్లో మణికట్టు ఒక్క విదిలింపు విదిలించి వదిలెయ్యండి. తడి తువ్వాలు దండెం మీద వేసేముందు ఫట్‌మని దులుపుతాం చూడండి, సరిగ్గా అదే విదిలింపు! మొదట నెమ్మది, చివర్లో వేగం.

వదిలేటప్పుడు డిస్క్ బల్లపరుపుగా ఉండాలి. నిండా సాంబారున్న గిన్నె పట్టుకున్నామనుకోండి, ఒలకకుండా ఎలా పట్టుకుంటాం? అలా. ముందు అంచు పైకి లేస్తే గాల్లోకి ఎగిరి అక్కడే ఆగి కిందపడుతుంది. కుడిచేత్తో ఇలా విసిరినప్పుడు వేగం తగ్గేకొద్దీ ఎడమవైపుకి ఒరుగుతుంది, అది దాని స్వభావం. అందుకని బుట్టకి కాస్త కుడివైపుగా గురిపెట్టండి.

బుట్ట దగ్గరికి వచ్చాక పక్కకి తిరగక్కర్లేదు. ఎదురుగా నిలబడి, గొలుసుల మధ్యకి చూస్తూ మెల్లిగా అందించినట్టు విసరడమే. తొక్కుడుబిళ్ల గురి పనికొచ్చేది ఇక్కడే. గొలుసులు ఘల్లుమన్నప్పుడు కలిగే సంతోషం చెబితే తెలీదు, విని తీరాల్సిందే!

డిస్క్ చెట్టుకి తగిలి పక్కకి పోయిందా? కంగారుపడి బలమంతా ఉపయోగించి కొమ్మల మధ్యలోంచి పంపాలని చూడకండి. దగ్గర్లో ఖాళీ ఎటుందో చూసుకుని ఒక చిన్న విసురుతో బయటికి రండి. ఆ తర్వాత బుట్ట సంగతి చూడొచ్చు. ఒక విసురు పోతే పోయింది, దారి దొరుకుతుంది.

అత్తాకోడళ్లు ఒక జట్టు

పిల్లలతో సమానంగా ఆడలేమేమో అని బెంగా? దానికీ ఉపాయముంది. ఇద్దరిద్దరు చొప్పున జట్లుగా ఆడే పద్ధతి ఉంది. జట్టులో ఇద్దరూ విసురుతారు, రెండింట్లో ఏది మంచిచోట పడితే అక్కణ్ణించే ఇద్దరూ మళ్లీ విసురుతారు. కోడలు దూరం విసిరితే, అత్తగారు దగ్గర్నుంచి బుట్టలో వేస్తారు. అమ్మమ్మ, మనవడు ఒక జట్టు కావచ్చు. ఇంట్లో ఒకే కప్పు కింద ఉంటూ కూడా ఎవరి ఫోన్ వాళ్లు చూసుకునే రోజుల్లో, గంటసేపు నలుగురూ ఒకే బుట్టవైపు చూడటం చిన్న విషయం కాదు కదూ! మనవడితో మాట్లాడాలంటే వాడి ఇంగ్లీషు మనకి, మన తెలుగు వాడికి అడ్డొస్తుంది. ఆటలో ఆ ఇబ్బంది లేదు. "అబ్బా, కొంచెంలో పోయిందే!" అన్నమాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

ఇదేదో మగవాళ్ల ఆట అనుకోకండి. ఎస్తోనియా దేశపు క్రిస్టిన్ టట్టార్ 2022లోనూ 2023లోనూ మహిళల ప్రపంచ విజేత. 2012లో ఆడవాళ్లకోసమే ఒకేరోజున అనేక చోట్ల పోటీలు మొదలుపెట్టారు. పోటీల్లో నలభై దాటినవాళ్లకి, యాభై దాటినవాళ్లకి, అరవై, డెబ్బై దాటినవాళ్లకి కూడా విడివిడిగా విభాగాలున్నాయి. మనం పోటీలకి వెళ్లకపోయినా, వయసుకి ఆటలో చోటుందని తెలిస్తే ధైర్యంగా ఉంటుంది.

పాటించాల్సిన మర్యాదలు

• ముందున్నవాళ్లు బుట్ట దగ్గర్నుంచి కదిలేదాకా విసరకూడదు. డిస్క్ తగిలితే బాగా దెబ్బ తగులుతుంది.

• ఒకరు విసురుతుంటే మిగతావాళ్లు వెనకాల నిశ్శబ్దంగా నిలబడాలి. పిల్లల్ని చెయ్యి పట్టుకుని పక్కనే ఉంచుకోవాలి.

• బుట్టకి ఎవరి డిస్క్ దూరంగా ఉంటే వాళ్లు ముందు విసరాలి.

• డిస్క్ పొరపాటున మనుషులవైపు వెళ్తుంటే 'ఫోర్!' అని గట్టిగా అరవాలి. మొహమాటపడకండి!

• మన వెనక వేగంగా ఆడేవాళ్లు వస్తే, పక్కకి తప్పుకుని ముందు వాళ్లని వెళ్లనివ్వాలి. మనకేం రైలు దాటిపోవట్లేదు కదా.

• పార్కు అందరిదీ. నడిచేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు ఉంటారు. చెట్ల కొమ్మలు విరవకూడదు, కాగితం ముక్క కూడా పడెయ్యకూడదు.

చీరతో ఆడొచ్చా?

ఆడొచ్చు గానీ కుచ్చిళ్లు కాలికి అడ్డంపడతాయి. పంజాబీ డ్రస్సు గానీ వదులు ప్యాంటు గానీ హాయి. చున్నీ వెనక్కి ముడివెయ్యండి. కుడిచేతి గాజులు ఇంట్లో పెట్టి వెళ్లండి. మెళ్లో గొలుసు లోపలికి వేసుకోండి, లేకపోతే విసిరినప్పుడు చేతికి చుట్టుకుంటుంది. చెప్పులు పనికిరావు. మేకు జోళ్లలా కాకుండా, అడుగు జారని బూట్లు వేసుకోవాలి. ఎండగా ఉంటే టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు.

చెట్లున్న పార్కు కదా, కొన్ని జాగ్రత్తలు తప్పవు. కాలిఫోర్నియాలో 'పాయిజన్ ఓక్', తూర్పువైపు రాష్ట్రాల్లో 'పాయిజన్ ఐవీ' అనే మొక్కలుంటాయి. ఒక్కో కాడకి మూడేసి ఆకులు. తగిలితే దద్దుర్లు, దురద. మూడాకుల తుప్పలోకి డిస్క్ వెళ్తే చెయ్యి పెట్టకండి. తగిలిందని అనుమానం వస్తే వెంటనే సబ్బుతో కడుక్కోండి. కాలిఫోర్నియా కొండల దగ్గర పాములు కూడా ఉంటాయి, పొడుగు గడ్డిలో అడుగుపెట్టేముందు చూసుకోవాలి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, మడమల దగ్గర పిడుదులు పట్టుకున్నాయేమో చూసుకోండి. పదిహేను డాలర్ల డిస్క్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, ఒళ్లు కొనుక్కోలేం.

భుజం పట్టేసినవాళ్లు, నడుంనొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి. సుగరు మందులు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, జేబులో రెండు చాక్లెట్లు ఉంచుకోవాలి. విసిరేముందు చేతుల్ని, భుజాల్ని అయిదు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. అక్కడ వైద్యం ఖర్చు సంగతి తెలిసిందే కదా, ప్రయాణపు బీమా లేకుండా అసలు బయల్దేరొద్దు. పురిటి ఇంట్లో చంటిబిడ్డని ఎవరు చూస్తారంటారా? శని, ఆదివారాల్లో గంటసేపు అల్లుడుగారు చూసుకుంటారు. అడిగితేనే కదా!

ఆటకి తోడు... పోపు అటుకులు

పార్కు బెంచీ మీద కూర్చుని తినడానికి ఇవి ఎంతో బాగుంటాయి.

కావలసినవి: పల్చటి అటుకులు 2 కప్పులు, వేరుశనగ గుళ్లు పావు కప్పు, పుట్నాలపప్పు పావు కప్పు, ఎండుకొబ్బరి పల్చటి ముక్కలు 2 చెంచాలు, ఎండుమిర్చి 3, కరివేపాకు 2 రెబ్బలు, పసుపు పావు చెంచా, ఇంగువ చిటికెడు, నూనె 3 చెంచాలు, ఉప్పు తగినంత.

తయారుచేసే విధం: మందపాటి మూకుట్లో అటుకుల్ని నూనె లేకుండా సన్నటి సెగ మీద వేయించండి. వేళ్లతో నలిపితే పొడి అవ్వాలి, రంగు మారకూడదు. వాటిని తీసి పక్కన పెట్టి, అదే మూకుట్లో నూనె కాచి వేరుశనగ గుళ్లు ఎర్రగా వేయించండి. తర్వాత కొబ్బరి, పుట్నాలు, ఎండుమిర్చి, కరివేపాకు వరసగా వెయ్యండి. కరివేపాకు కరకరలాడాక పసుపు, ఇంగువ, ఉప్పు వేసి, అటుకులు కలిపి రెండు నిమిషాలు ఉంచి దింపండి. పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసుకుంటే వారం రోజులు నిలవుంటాయి.

డిస్క్ నేల మీద దొర్లుతుంది కాబట్టి, చేతులు కడుక్కుని గానీ చెంచాతో గానీ తినండి. పక్కవాళ్ల పిల్లలకి పెట్టేముందు వేరుశనగ పడుతుందో లేదో వాళ్ల అమ్మనడగండి. కొందరు పిల్లలకి అది అస్సలు పడదు.

మన ఊళ్లో కుదరదా?

అమెరికా వెళ్లేదాకా ఆగక్కర్లేదు. ఇక్కడే ఒక ఫ్రిస్బీ కొనుక్కోండి. డాబా మీద కాదు, కిందకి పడితే ప్రమాదం. దగ్గర్లోని పార్కులోనో, పొద్దున్నే ఖాళీగా ఉండే స్కూలు మైదానంలోనో ఒక బట్టల బుట్టని కుర్చీ మీద పెట్టండి. పది అడుగుల దూరం నుంచి మొదలుపెట్టి, పదిట్లో అయిదు పడేదాకా వేసి, ఆ తర్వాత రెండడుగులు వెనక్కి జరగండి. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లని కలుపుకుంటే ఇంకా మంచిది. నలుగురూ చూస్తారేమో అని సిగ్గా? మొదటి రెండు రోజులు చూస్తారు. మూడోరోజు "మేమూ ఆడొచ్చాండీ?" అని వాళ్లే వస్తారు.

ఇన్నేళ్లూ పిల్లలు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని వాళ్ల చెప్పులకీ నీళ్ల సీసాలకీ కాపలా కాశాం. ఈసారి సీసాలు వాళ్లకిచ్చి, డిస్క్ మీరు తీసుకోండి. వచ్చే నెల ప్రయాణమయ్యేవాళ్లు ఆవకాయ సీసాలు, కారప్పొళ్లు సర్దుకునేటప్పుడు పెట్టెలో ఒక జత బూట్లకి కూడా చోటుంచండి మరి!